ఏ నూనె పోస్తే పొగ తగ్గుతుంది

మా ఆయన సైన్యం నుంచి రిటైరయ్యాక ఇంటికి తెచ్చిన మొదటి పెద్ద వస్తువు పడవ మోటారు. పడవ లేదు, మోటారు ఒక్కటే. బాల్కనీకి ఇనప గ్రిల్లు చూసొస్తానని ఆదివారం పొద్దున్నే మాయాపురి పాత సామాన్ల బజారుకు వెళ్లిన మనిషి, మధ్యాహ్నానికి దుప్పట్లో చుట్టిన దేన్నో చంటిపిల్లను ఎత్తుకున్నట్టు గుండెకు హత్తుకుని లిఫ్టులోంచి దిగారు. హాల్లో సోఫా మీద పడుకోబెట్టి, దుప్పటి తీసి, నా మొహంలోకి చూశారు.

"ఏటో సెప్పుకో సూద్దాం."

పెద్ద సైజు మిక్సీకి కింద పొడుగాటి కాలు మొలిచి, ఆ కాలి చివర బుల్లి ఫ్యాను పుట్టినట్టుంది. అదే చెప్పాను.

"మిక్సీ కాదే! అవుట్‌బోర్డు మోటారు. పడవ ఎనకాల తగిలిస్తారు. టూ స్ట్రోకుది. నా సర్వీసులో ఇలాటివి ఎన్ని నడిపేనో!"

"మరి పడవేదండీ?"

"పడవదేటుంది, అదే వస్తాది," అన్నారు, పిల్లకు సంబంధం చూస్తున్న పెద్దమనిషిలా ధీమాగా.

ఆయనది భీమిలి దగ్గర చేపలపల్లె. ఈత నేర్చాకే నడక నేర్చానంటారు. సైన్యంలో ఇంజినీర్ల దళంలో జవానుగా చేరి సుబేదారుగా దిగారు. ఎక్కడ వరదలొచ్చినా ఆయన దళం పడవలు వేసుకుని వెళ్లేది. ఇప్పుడు నోయిడాలో ఒక ఆఫీసులో సెక్యూరిటీ సూపర్‌వైజరు. నేను విశాఖపట్నం పిల్లని, ఢిల్లీలో ఒక ప్రభుత్వ కార్యాలయంలో గుమస్తాని. కంటోన్మెంటు క్వార్టర్సు ఖాళీ చేశాక మయూర్ విహార్‌లో ఒక హౌసింగ్ సొసైటీలో మూడో అంతస్తు అద్దెకు తీసుకున్నాం. మెట్రో దగ్గర, కూరగాయల బండి గేటు దగ్గరే ఆగుతుంది, నది నడిచివెళ్లేంత దూరం. ఆ నది దగ్గరుండటమే ఆయనకు పనికొచ్చిన వసతి అని నాకు తర్వాత తెలిసింది.

మా ఇంట్లో మూడో మనిషి మా అమ్మాయి. జంతుశాస్త్రం ఎమ్మెస్సీ చదువుతోంది. మేం తెలుగులో అడుగుతాం, అది హిందీలో చెబుతుంది. ఆయన దాన్ని "పాపా" అని పిలుస్తారు, అది ఆయన్ని "పాపా" అని పిలుస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లకు ఎవరు ఎవర్ని పిలుస్తున్నారో అర్థం కాదు. మాకు గొంతును బట్టి తెలుస్తుంది.

మోటారు కొన్నది మా అమ్మాయి కోసమే. చలికాలంలో యమున మీదికి ఎక్కడెక్కడి నుంచో పక్షులు వస్తాయి. మా అమ్మాయీ, దాని ఇద్దరు క్లాసు స్నేహితురాళ్లూ ప్రతి ఆదివారం వేకువనే నగరానికి ఉత్తరాన ఉన్న ఒక ఘాట్‌కు వెళ్లి, పడవలో తిరిగి వాటిని లెక్కపెట్టి రావాలి. కాలేజీవాళ్లే అనుమతి ఇప్పించారు. లైసెన్సున్న పడవాయన ఒకడు వీళ్లను తిప్పుతాడు. అయితే ఏటికి ఎదురు తెడ్డు వేసుకుంటూ ఇసకదిబ్బల దాకా వెళ్లేసరికి పొద్దెక్కిపోయి, పక్షులు పొలాల మీదికి మేతకు లేచిపోతున్నాయి. ఆ మాట అది ఒకసారి అన్నం తింటూ చెప్పుకుని బాధపడింది. ఆయన పెరుగన్నం కలుపుకుంటూ విన్నారు. తర్వాత మాయాపురి వెళ్లారు. గ్రిల్లు ఊసు మళ్లీ ఎత్తలేదు.

పడవ మోటారును పొడిగా నడపకూడదట. నీళ్లలో ఉంచే నడపాలి, లేకపోతే వేడెక్కి చెడిపోతుంది. అందుకని నీళ్లు రాని రోజుల కోసం నేను కొనుక్కున్న నీలం డ్రమ్మును ఆయన సొసైటీ వెనకాల జనరేటరు గది పక్కకు దొర్లించుకుపోయారు. డ్రమ్ము నిండా నీళ్లు పోసి, అంచుకు మోటారు బిగించారు. బాల్కనీలో మా పాత స్కూటరు కాలం నాటి టూ స్ట్రోక్ ఆయిలు డబ్బా ఒకటి మూలుగుతూ ఉంటే దాన్ని తెచ్చి పెట్రోల్లో కలిపారు. ఎంత కలిపారో చూస్తే నాకే భయమేసింది. పులిహోర తాలింపుకు కూడా నేనంత పొయ్యను.

"అంత ఎందుకండీ?"

"ఇంజనుకి ఆయిలెక్కువైతే కీడు లేదు, తక్కువైతేనే కీడు," అని తాడు పట్టుకుని లాగారు.

నాలుగైదు సార్లు లాగాక మోటారు దగ్గింది, తుమ్మింది, ఆపైన గర్జించింది. మా ఆయన మొహం మతాబాలా వెలిగిపోయింది. ఆ వెలుగు నేను ఎక్కువసేపు చూడలేదు, ఎందుకంటే మధ్యలోకి పొగ వచ్చేసింది. అది మామూలు పొగ కాదు. తెల్లగా, నీలంగా, దూదిపరుపు విప్పినట్టు డ్రమ్ములోంచి ఉబికి వచ్చి, జనరేటరు గదిని మింగి, వెనక బాల్కనీల్లో ఆరేసిన బట్టల్లోంచి పైకి పాకింది. అసలే నవంబరు నెల. ఊరంతా పొగమంచు కమ్మి, స్కూళ్లు మూసి, జనం మాస్కులు వేసుకుని తిరుగుతున్న రోజులు. కిటికీలు టపటపా మూసుకున్నాయి. రెండో అంతస్తు నుంచి సొసైటీ సెక్రటరీ, పంజాబీ ఆవిడ, నేను దీదీ అని పిలుస్తాను, చున్నీ ముక్కుకు అడ్డం పెట్టుకుని దిగి వచ్చారు.

"సూబేదార్ సాబ్! ఢిల్లీలో ఉన్న పొగ చాల్లేదనా మీరు ఇంట్లో తయారుచేస్తున్నారు?" అన్నారు హిందీలో.

ఆయన మోటారు ఆపి, "బస్, టెస్టింగ్ హో గయా, మేడమ్," అన్నారు, అటెన్షన్లో నిలబడి.

అప్పటికే ఎవరో ఫోన్ చేసేశారు. అగ్నిమాపక బండి గంట కొట్టుకుంటూ గేటులోకి వచ్చింది. హెల్మెట్లు పెట్టుకుని పరుగున వచ్చిన వాళ్లకు మంటలేమీ కనిపించలేదు. నీళ్ల డ్రమ్ములో మోటారు, దాని పక్కన చేతులు కట్టుకున్న మాజీ సైనికుడు, ఆయన వెనక దాక్కున్న నేను, ఇంతే. వాళ్ల పెద్దాయన డ్రమ్ములోకి తొంగి చూసి, "నీళ్లలో నిప్పంటుకోవడం మొదటిసారి చూస్తున్నా," అన్నాడు. అందరూ నవ్వారు కాబట్టి సరిపోయింది. నేను పైకి పరిగెత్తి అందరికీ టీ పెట్టుకొచ్చాను. సెక్రటరీ దీదీ కూడా ఒక కప్పు తీసుకున్నారు గానీ, మోటారు మళ్లీ సొసైటీలో మోగకూడదని మాట తీసుకున్నాకే తాగారు.

ఆ తర్వాతి ఆదివారమే మోటారు నదికి వెళ్లింది. పడవాయన నడివయసు మనిషి, మితభాషి. పడవ వెనక మొన మీద మా ఆయన అడ్డంగా ఒక చెక్క బిగించి దానికి మోటారు తగిలిస్తుంటే, తన గుర్రానికి ఎవరో కొమ్ములు అతికిస్తున్నట్టు చూస్తూ కూర్చున్నాడు. తెడ్లు మాత్రం దించనివ్వలేదు. "పడి ఉండనీయండి సాబ్, బరువేం కాదు," అన్నాడు. నేను కూడా ఎక్కాను. సముద్రం పక్కన పుట్టిన దాన్నే గానీ పడవెక్కడం అదే మొదలు. థర్మాస్‌లో టీ, డబ్బాలో ఉప్మా పట్టుకుని బిక్కుబిక్కుమంటూ మధ్యలో కూర్చున్నాను.

మోటారు బ్రహ్మాండంగా లాగింది. కాకపోతే ఆ రోజు గాలి మా వెనక నుంచి వీస్తోంది. మేమెంత వేగంగా వెళితే పొగ అంత వేగంగా మాతోపాటే వచ్చింది. పడవలో మేం ఆరుగురం, మా మీద ఒక మేఘం. నీటి మీద మా వెనకాల నూనె రంగురంగుల చారలుగా పరుచుకుంది. ఇసకదిబ్బలు ఇంకా దూరాన కనిపిస్తుండగానే పక్షులన్నీ ఒక్కసారి లేచి, నల్లని దుప్పటి దులిపినట్టు తిరిగి, ఏటికి ఆవలి వైపు వెళ్లిపోయాయి.

అప్పుడే మా అమ్మాయికి దగ్గు మొదలైంది. దానికి చిన్నప్పటి నుంచి ఉబ్బసం ఉంది. కంటోన్మెంటు ఆసుపత్రిలో దాన్ని ఒళ్లో పెట్టుకుని ఎన్ని మధ్యాహ్నాలు కూర్చున్నానో. పెద్దయ్యాక తగ్గిందనుకున్నాం. సంచిలోంచి పంపు తీసి పీల్చుకుంది, అయినా గుండెల్లో పిల్లికూతలు ఆగలేదు. ఆయన మోటారు టక్కున ఆపేశారు. పడవాయన తెడ్లు అందుకున్నాడు. తిరుగు ప్రయాణంలో నీటి చప్పుడు, దాని ఊపిరి చప్పుడు తప్ప మరేమీ వినబడలేదు. గట్టు దగ్గరికి వచ్చేసరికి కుదుటపడింది.

"పాపా, రహ్‌నే దో," అంది మెల్లగా. వదిలెయ్యి నాన్నా, అని. "హమ్ చప్పూ సే హీ చలే జాయేంగే." తెడ్లతోనే వెళతాంలే, అని.

ఆయన తలూపారు. ఇంటికొచ్చాక మోటారును మళ్లీ అదే దుప్పట్లో చుట్టి బాల్కనీ మూల పెట్టారు. అది మొదలు ఆ వైపు చూసేవారు కాదు. బట్టలారేయడానికి కూడా నన్నే వెళ్లమనేవారు. ఆయన కోపం నాకు అలవాటే. కేకలు వేస్తారు, టీ తాగుతారు, మర్చిపోతారు. ఈ మౌనమే కొత్త. పిల్లకు ఏదో ఒకటి చేసిపెడదామనుకుంటే పిల్లకే ఊపిరాడకపోయిందన్న దిగులు అది.

నేను ఊరుకోలేకపోయాను. మా ఇంట్లో నూనె నా శాఖ, ఆయిలు ఆయన శాఖ. కానీ శాఖ మంత్రి అలిగి కూర్చుంటే పక్క శాఖవాళ్లు చూసుకోవద్దా? ఆఫీసులో లంచ్ టైములో, మెట్రోలో, ఫోన్ ముందు పెట్టుకుని చదవడం మొదలుపెట్టాను. మెట్రోలో నా పక్క సీట్లో కూర్చునే కాలేజీ కుర్రాళ్లు నా ఫోన్లో పడవ మోటార్లు చూసి నన్ను ఇంకోసారి ఎగాదిగా చూసేవారు.

చదివినకొద్దీ విషయం సులువుగానే అనిపించింది. కారు ఇంజన్లో ఆయిలు వేరే చోట ఉంటుంది, అది కాలదు. టూ స్ట్రోక్ ఇంజన్లో ఆయిలును పెట్రోల్లోనే కలుపుతాం కాబట్టి దాంతోపాటే కాలి బయటికి పోతుంది. కాబట్టి పొగ బొత్తిగా రాకుండా చేయడం ఎవరి తరమూ కాదు. ఏ నూనె పోశాం, ఎంత పోశాం అన్నదాని మీదే అంతా ఉంది. స్కూటరు ఇంజను గాలికి చల్లబడుతుంది, బాగా వేడిగా నడుస్తుంది, దాని నూనె ఆ వేడికి తగ్గట్టు చేస్తారు. పడవ మోటారును నది నీళ్లే చల్లబరుస్తాయి. ఆ చల్లదనంలో స్కూటరు నూనె సరిగా కాలదు, సగం పొగై పోతుంది, సగం మసై లోపల పేరుకుంటుంది. పడవ మోటార్ల కోసం వేరే నూనె ఉంది. దాని డబ్బా మీద టీసీ డబ్ల్యూ త్రీ అన్న గుర్తు ఉండాలి. అందులోనూ పొగ తక్కువ వచ్చేలా సింథటిక్ కలిపినవి ఉన్నాయి. మనం మిరపకాయ బజ్జీలకు నువ్వుల నూనె వాడతామా? అంతే.

ఇంకొకటి కూడా దొరికింది. మా మోటారు రకానికి కంపెనీవాళ్లు చెప్పిన పాళ్లు: యాభై వంతుల పెట్రోలుకు ఒక వంతు నూనె. అంటే లీటరుకు ఇరవై మిల్లీలీటర్లు. మా ఆయన పోసింది దానికి మూడింతలైనా ఉంటుంది.

శనివారం ఆయనకు సెలవు చూసి, "కశ్మీరీ గేట్ వెళ్దాం పదండి, ఆయిలు కొనుక్కురావాలి," అన్నాను.

"ఏ ఆయిలు?"

"మీ మోటారుకి."

"దాని సంగతి వదిలీమన్నాను కదా," అన్నారు. అన్నారే గానీ లేచి చెప్పులు వేసుకున్నారు.

కశ్మీరీ గేట్ బండి సామాన్ల బజారులో దొరకని వస్తువు లేదంటారు. ఆ సందుల్లో మేం ఎక్కని మెట్టు లేదు. ప్రతి కొట్టువాడూ స్కూటరు నూనె డబ్బానే బల్ల మీద పెట్టి, "ఇదీ టూ టీయే, టూ స్ట్రోకుదే, అన్నీ ఒకటే," అనేవాడు. డబ్బా వెనక్కి తిప్పి నేను గుర్తు వెతికేదాన్ని. లేదనేదాన్ని. మా ఆయన పక్క కొట్టులో హారన్లు చూస్తున్నట్టు నటించేవారు. ఆఖరికి ఒక కుర్ర కొట్టాయన ఆసక్తిగా అడిగాడు.

"దీదీ, ఆప్ కీ నావ్ చల్తీ కహాఁ హై?" మీ పడవ అసలు ఎక్కడ నడుస్తుంది, అని.

"యమునా మే, భయ్యా."

వాడు మా ఆయన వైపు తిరిగి, అయ్యో పాపం అన్నట్టు చూశాడు. ఆ చూపుకు మాత్రం మా ఆయనకు రోషం వచ్చింది. "హాఁ, యమునా మే. క్యోం, నదీ నహీఁ హై క్యా?" అన్నారు, ఏం, అది నది కాదా, అని. అంతే, ఆ క్షణం నుంచి వెతుకులాటకు ఆయనే నాయకుడు. సాయంత్రం దాకా తిరిగాం. నూనె దొరకలేదు గానీ మా ఆయన దొరికారు. తిరిగొచ్చేటప్పుడు మెట్రోలో నాకు కార్బురేటరు గురించి చెబుతూనే ఉన్నారు.

చివరికి సముద్రం ఒడ్డున ఉన్న ఊరి నుంచే తెప్పించాం, ఫోన్లో ఆర్డరిచ్చి. రెండు రకాలు తెప్పించాను, ఒకటి మామూలు పడవ నూనె, ఒకటి పొగ తక్కువదని రాసినది. అవి వచ్చిన రోజున వంటగదిలో మా ఇద్దరికీ పెద్ద పేచీ వచ్చింది.

నా వాదన ఇది. నూనె కాలితేనే పొగ కదా, లీటరుకు ఇరవై కాకుండా పది పోస్తే పొగ ఇంకా సగమవుతుంది కదా?

"కూడదు," అన్నారు. అంత గట్టిగా ఆయన నాతో మాట్లాడటం అరుదు.

"ఎందుక్కూడదు?"

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నారు. నేను వంకాయలు తరుగుతున్నాను. అప్పుడు చెప్పారు, ఇన్నేళ్ల కాపురంలో ఎప్పుడూ చెప్పని సంగతి.

బిహారులో వరదలప్పుడు, ఆయన ఇంకా కుర్ర జవానుగా ఉన్న రోజుల్లో జరిగింది. ఆయిలు సరఫరా అందక పెట్రోల్లో తక్కువ కలిపి పంపారు. ఒక ఇంటి కప్పు మీద నుంచి ఒక కుటుంబాన్ని దించుకుని వస్తున్నారు. ముసలాయన, నిండు గర్భిణి, ఇద్దరు ఆడవాళ్లు. ఏటి నడి మధ్యలో మోటారు కీచుమని ఒక్క అరుపు అరిచి ఆగిపోయింది.

"లోపల ఆయిలు సాలక పిస్టను పట్టేసింది. మరి ఇంజను తిరగదు, ఎంత లాగినా తాడే సేతికొస్తాది. పడవ అడ్డం తిరిగిపోయి రైలు వంతెన స్తంభాలకేసి కొట్టుకుపోతంది. తెడ్డు ఒకటే ఉంది. నాను సేతుల్తో తోసేను. ఆ ముసలాయన ఇత్తడి పళ్లెం పట్టుకుని తోసేడు. ఆ కడుపుతో ఉన్నమ్మ ఏడవలేదు తెలుసా, నా మొహమే సూస్తూ కూకుంది. నాకేటో తెలిసినట్టు. నాకేటీ తెలీదు."

"మరి?"

"ఎదురుబొంగుల పొద అడ్డొచ్చి పడవ అందులో ఇరుక్కుంది. ఎనకాల పడవోళ్లొచ్చి లాగేరు. అందరూ బతికేరు. అప్పట్నించి నా సెయ్యి ఆయిలు కాడ తక్కువ పొయ్యదు."

వంకాయ ముక్కలు నీళ్లలో వేసి చేతులు తుడుచుకున్నాను. ఇన్నాళ్లూ ఆయనది సైన్యం చెయ్యి, దేనికైనా దండిగా వాడే చెయ్యి అనుకున్నాను. అది భయపడ్డ చెయ్యి అని నాకు తెలియదు.

"సరేనండీ, తక్కువ వద్దు," అన్నాను. "ఎక్కువా వద్దు. కంపెనీవాడు చెప్పినంత, సరిగ్గా అంతే. కొలిచి పోద్దాం."

"కొలిసేదెవరు?"

"నేను."

"ఠీక్ హై," అన్నారు.

పిల్లకు దగ్గు మందు పోసే గీతల మూత ఒకటి నా దగ్గరుంది. అదే మా కొలత గిన్నె.

పరీక్ష ఘాట్ దగ్గరే పెట్టుకున్నాం, పడవను గట్టుకు కట్టేసి. పడవాయన భార్య ఒడ్డున రాళ్ల మీద బట్టలు ఆరేసుకుంటోంది. మమ్మల్ని చూడగానే చీరలన్నీ పోగుచేసి అవతలి వైపుకు మార్చుకుంది. మొదటి రోజు చూసిందిగా. మా అమ్మాయి రానంది. వద్దనే నేనూ అన్నాను.

ఆయన ట్యాంకులో ఉన్న పాత మిశ్రమమంతా డబ్బాలోకి వంపేశారు. కొత్త పెట్రోలు పోశారు. నేను మూతతో కొలిచి ముందు మామూలు పడవ నూనె కలిపాను. తాడు లాగారు. పొగ అలాగే వచ్చింది, అంతే తెల్లగా, అంతే దట్టంగా. నాకు ఏడుపొచ్చినంత పనైంది. ఇన్ని రోజుల చదువూ, ఆ బజారు తిరుగుడూ ఇందుకేనా అనిపించింది.

ఆయన మాత్రం కంగారుపడలేదు. "ఉండుండు. లోపల పాత ఆయిలు అంటుకుని ఉంటాది కదా, అది కాలాలి," అన్నారు. మోటారును అలాగే నడవనిచ్చారు. చలికి మూసిన చోక్‌ను, అంటే ఇంజనులోకి గాలి వెళ్లే దారిని, ఇంజను వేడెక్కాక పూర్తిగా తెరిచారు. కాసేపటికి ఆపి ప్లగ్గు విప్పి చూపించారు. నల్లగా, తడిగా, కాటుక భరిణెలో ముంచినట్టుంది. దాన్ని పడేసి కొత్తది బిగించారు. మళ్లీ లాగారు. ఈసారి పొగ పలచబడింది. మొదటి రోజు దూదిపరుపైతే, ఇప్పుడిది తువ్వాలు.

తర్వాత దాన్ని కూడా వంపేసి రెండో నూనె కలిపాం, పొగ తక్కువదని రాసినది. ఇద్దరం మోటారు వెనక గట్టు మీద గొంతుక్కూర్చున్నాం, పాలు పొంగుతాయేమోనని చూస్తున్నవాళ్లలా. మొదట కొంత పొగ. ఆ తర్వాత సన్నని పాయ. ఇంకాసేపటికి నీటి మీద ఊదొత్తి పొగలా ఒక తెర, అంతే. వాసన ఉంది, లేదనను. నీళ్ల మీద రంగు చారలు ఉన్నాయి గానీ అప్పటంత లేవు. ఆయన దగ్గరగా వంగి ముక్కుపుటాలు ఎగరేసి పీల్చి, నావైపు తిరిగి బొటనవేలు పైకెత్తారు.

పడవాయన భార్య వెళుతూ వెళుతూ ఆగి చూసింది. "ఆజ్ ఠీక్ హై," అని చీరలను మళ్లీ ఈ వైపుకు తెచ్చి ఆరేసింది. మెప్పంటే అదీ.

అమ్మాయిని ఒప్పించడానికి ఇంకో వారం పట్టింది. చివరికి తను పెట్టిన షరతులు మూడూ ఆయన ఒప్పుకున్నారు. గాలి వెనక నుంచి వీస్తే మోటారు వాడకూడదు. తను ముందు మొన మీద కూర్చుంటుంది. దిబ్బలు కనబడగానే మోటారు ఆపేయాలి, అక్కడి నుంచి తెడ్లే, ఎందుకంటే పక్షులకు పొగే కాదు, చప్పుడూ గిట్టదు. ఆ మూడో షరతు విని పడవాయన మొహం విప్పారింది. అతనికి తన చోటు పోలేదన్నమాట.

జనవరి వేకువ. చలికి వేళ్లు కొంకర్లు పోతున్నాయి. గాలి ఎదురు నుంచి వీస్తోంది. మోటారు మొదటి లాగుకే అందుకుంది. నేను వెనక్కి తిరిగి చూశాను. సన్నటి పొగ మా వెనకే ఉండిపోయి మంచులో కలిసిపోతోంది. అమ్మాయి స్నేహితురాళ్లు శాలువాల్లోంచి ముక్కులు బయటపెట్టి గాలి పీల్చి చూసుకున్నారు. మొన మీద మా అమ్మాయి వీపు నాకు కనిపిస్తోంది. నేను ఆ వీపునే చూస్తున్నాను. దగ్గొస్తే ముందు భుజాలు కదులుతాయి, నాకు తెలుసు. భుజాలు కదల్లేదు.

పొద్దు పొడవకముందే దిబ్బలు కనిపించాయి. అమ్మాయి చెయ్యెత్తింది. ఆయన మోటారు ఆపేశారు. ఒక్కసారిగా వచ్చిన ఆ నిశ్శబ్దంలో పడవాయన తెడ్డు నీళ్లలోకి దించాడు, చప్పుడు కాకుండా, వెన్నలోకి కత్తి దిగినట్టు. కొంచెం కొంచెంగా మంచు విడిపోయింది. దిబ్బ మీద బూడిద రంగు బాతులు, తెల్లని తలల మీద రెండేసి నల్లని అడ్డగీతలున్నవి, మెడలు రెక్కల్లో పెట్టుకుని నిద్రపోతున్నాయి. ఒకటి లేచి ఒళ్లు విరుచుకుని మళ్లీ పడుకుంది.

"మమ్మీ," అంది అది వెనక్కి తిరగకుండా, గొంతు తగ్గించి. హిమాలయాల మీదుగా ఎగిరి వచ్చే బాతులివి, ఇంతవరకు దూరం నుంచి రెక్కలే చూశాను, పడుకుని ఉండగా ఎప్పుడూ చూడలేదు అని హిందీలో గబగబా చెప్పింది. తర్వాత లెక్క మొదలుపెట్టింది. పెదవులు కదులుతున్నాయి, చప్పుడు లేదు. స్నేహితురాళ్లు రాసుకుంటున్నారు. పడవాయన తెడ్డును ఒక చోట పాతి పడవను కదలనివ్వకుండా పట్టుకున్నాడు.

మా ఆయన పడవ వెనక మోటారు మీద చెయ్యి వేసి కూర్చున్నారు. పక్షుల్ని చూడటం లేదు, కూతుర్ని చూస్తున్నారు. నేను థర్మాస్ తీసి ఆయనకు టీ పోశాను. కప్పు అందుకుని, నా చెవిలో అన్నారు.

"ఈసారి ఇంకో డబ్బా తెప్పించీ. ఫిబ్రవరి దాకా వస్తాదో రాదో."

"నిన్ననే ఆర్డరిచ్చాను," అన్నాను.

ఎండ దిబ్బ మీదికి దిగాక బాతులు ఒక్కొక్కటే లేచి నీళ్లలోకి నడిచాయి. మా అమ్మాయి లెక్క ముగించి, చేతులు రుద్దుకుంటూ మావైపు తిరిగి, ఉప్మా ఏదని అడిగింది.